స్లే ద స్పైర్: కొత్తగా గోపురం ఎక్కేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా స్నేహితుల్లో నలుగురైదుగురికి ఈ ఆట అంటించింది నేనే. అప్పటినుంచి రాత్రి పదకొండింటికి ఫోన్ మోగితే ప్రశ్న ఏమిటో ముందే తెలుస్తోంది. అవే ప్రశ్నలు, అవే చావులు. చెప్పిందే చెప్పలేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదంతా మొదటి ఆట గురించే. రెండో భాగాన్ని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు, దాని సంగతి ఇక్కడ లేదు.

ఇదసలు ఏం ఆట? పేకాటా, యుద్ధమా?

రెండూ. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఒంటరిగా ఆడే వీడియో గేమ్. ఒక గోపురం ఉంటుంది, కింది నుంచి పైకి ఎక్కాలి. అంతస్తుకో గది, గదికో గండం. ఎదురైనవాళ్ళను కార్డులతోనే కొట్టాలి, కార్డులతోనే కాచుకోవాలి. మొదట చేతికిచ్చేది నాసిరకం కట్ట. గెలిచిన ప్రతి పోరాటం తర్వాత అందులోకి ఒక కొత్త కార్డు చేర్చుకునే అవకాశం ఇస్తారు. చచ్చిపోతే కట్ట పోతుంది, కూడబెట్టిన వస్తువులు పోతాయి, మళ్ళీ కింది మెట్టు. వైకుంఠపాళిలో పెద్ద పాము మింగినట్టే. కాకపోతే ఇక్కడ పాము ఎక్కడుందో చాలావరకు ముందే కనబడుతుంది, మనమే వెళ్ళి దాని నోట్లో కాలు పెడతాం.

చేసింది అమెరికాలో సియాటిల్‌కు చెందిన మెగా క్రిట్ అనే చిన్న స్టూడియో. ఆంథొనీ జియోవనెట్టి, కేసీ యానో అనే ఇద్దరు మొదలుపెట్టారు. 2017 నవంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే ఇంకా తయారవుతుండగానే జనం ఆడుకునేలా వచ్చింది, 2019 జనవరి 23న పూర్తి ఆటగా విడుదలైంది. మధ్యలో ఏడాదికి పైగా, జనం ఏ కార్డు తీసుకుంటున్నారు, ఏది ముట్టుకోవడం లేదు, ఏది తీసుకున్నవాళ్ళు ఎంత దూరం వెళ్తున్నారు అని లెక్కలు చూసుకుంటూ కార్డులను సరిచేశారు. అందుకే ఇందులో మరీ దండగమారి కార్డు అరుదు. పనికిరాదని మీరు తిట్టుకునే కార్డు బహుశా మీ కట్టలోకి రావలసింది కాదేమో, అంతే.

కార్డులు కనబడుతున్నాయి. డబ్బులు పోయే ఆటేనా?

మా ఇంట్లో మొదటి గొడవ ఇదే. ఫోన్‌లో కార్డులు చూసి మా అమ్మ "మళ్ళీ ఆ రమ్మీయేనా నాన్నా" అంది. ఆవిడ భయంలో తప్పేం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపడానికి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించాయి, 2025లో కేంద్రమే దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఊరికే తేలేదు కదా.

ఈ ఆట ఆ లెక్కలోది కాదు. ఒకసారి కొనుక్కుంటాం, అంతటితో సరి. లోపల మళ్ళీ కొనుక్కోవలసింది ఏదీ లేదు, ప్రకటనలు లేవు, అవతల డబ్బు పెట్టిన మనిషి లేడు. ఆటలోని బంగారం ఆటలోనే ఖర్చవుతుంది. పోయేది నిద్ర.

ఒక టర్న్‌లో ఏం జరుగుతుంది? రెండు ముక్కల్లో చెప్పండి.

కట్ట పైనుంచి 5 కార్డులు చేతికొస్తాయి. 3 ఎనర్జీ ఉంటుంది. ఒక్కో కార్డుకు మూలన ధర రాసి ఉంటుంది, ఆ 3లో సర్దుకోవాలి. మిగిలిన కార్డులు టర్న్ అయిపోగానే పారేసిన కుప్పలోకి పోతాయి. కట్ట అయిపోతే ఆ కుప్పనే కలిపి మళ్ళీ పంచుతారు. కాచుకోవడానికి తెచ్చుకున్న బ్లాక్ మీ తర్వాతి టర్న్ మొదలవగానే మాయం. అంటే బ్లాక్‌ను దాచుకోవడం కుదరదు, అవసరమైనప్పుడే వాడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది శత్రువు నెత్తిమీద ఉంటుంది. కత్తి బొమ్మ, పక్కన 11 అని ఉంటే ఈసారి 11 దెబ్బ వేస్తాడని అర్థం. వాడు కొట్టని టర్న్‌లో డిఫెండ్ కార్డులు వేసుకుంటూ కూర్చున్న మిత్రుణ్ణి నేను కళ్ళారా చూశాను. ఎండలో గొడుగు వేసుకుని తిరిగి, వాన పడేసరికి ఇంట్లో మరిచిపోయినట్టు. ముందు ఆ అంకె చూడండి, తర్వాత మీ చేయి చూసుకోండి.

ఎవరితో మొదలుపెట్టాలి?

ఎంచుకునే అవకాశం మొదట్లో ఉండదు, ఐరన్‌క్లాడ్ అనే పాత్రతోనే మొదలు. 80 హెల్త్, ప్రతి పోరాటం అయ్యాక 6 తిరిగి వస్తుంది. తప్పులు మన్నించే మనిషి. అతనితో ఒక రన్ (కింది మెట్టు నుంచి మొదలుపెట్టి ఆడిన ఒక ఆట) అయితే, గెలిచినా చచ్చినా, సైలెంట్ వస్తుంది. ఆమె చేతిలో విషం, చిన్న కత్తులు. ఆమె తర్వాత డిఫెక్ట్ అనే యంత్రం, చుట్టూ మెరుపు గోళాలు, మంచు గోళాలు తిరుగుతుంటాయి. చివరిది వాచర్, 2020 జనవరిలో చేర్చారు. వాచర్ కోపం తెచ్చుకుంటే రెండింతలు కొడుతుంది, రెండింతలు తింటుంది. కోపంలోనే టర్న్ ముగించి చచ్చిపోవడం ఆమెతో ఆడేవాళ్ళందరికీ ఒకసారైనా జరిగే ముచ్చట.

పోరాటం గెలిచాక మూడు కార్డులు చూపిస్తారు. వాటిలో ఏది తీసుకోవాలి?

చాలాసార్లు ఏదీ తీసుకోకూడదు. కింద స్కిప్ అనే బటన్ ఉంటుంది. ఈ ఆటలో నాకు అందరికంటే ఆలస్యంగా పరిచయమైంది అదే.

మా మావయ్య రమ్మీలో ఘనుడు. పెళ్ళిళ్ళలో ముహూర్తం అటుంచి విడిదింట్లో చతుర్ముఖ పారాయణం ఎక్కడ జరుగుతోందో ముందు చూసుకునే రకం. ఆయన పక్కన కూర్చుని చూసేవాణ్ణి. కింద పడిన ముక్క పనికొచ్చేలా కనబడినా తీసేవాడు కాదు. అడిగితే "అది నా చేతికి కాదురా, నా ఆశకి పనికొస్తుంది" అనేవాడు. అప్పుడు అర్థం కాలేదు.

ఈ ఆటలో సైలెంట్‌తో ఆడుతూ ఉండగా అర్థమైంది. రెండో గదిలో కాటలిస్ట్ అనే కార్డు వచ్చింది, శత్రువుకు ఎక్కిన విషాన్ని రెట్టింపు చేస్తుంది. తీసుకున్నాను. నాలుగో గదిలో మళ్ళీ అదే వచ్చింది, మళ్ళీ తీసుకున్నాను. విషం నాలుగింతలు చేసి, చివర కాపు కాసే పెద్ద శత్రువును, అంటే బాస్‌ను, ఒక్క టర్న్‌లో కూల్చేస్తానని ఊహ. చిక్కేమిటంటే విషం ఎక్కించే కార్డు నా కట్టలో ఒక్కటీ లేదు. రెండు చేతుల్లో రెండు గరిటెలు, పొయ్యి మీద గిన్నె లేదు. ఏడో అంతస్తులో, ఆ రెండు గరిటెలూ చేతిలో ఉండగానే చచ్చిపోయాను.

అందుకని కార్డు తీసుకునే ముందు నేనిప్పుడు వేసుకునే ప్రశ్న ఒకటే. వచ్చే మూడు నాలుగు గదుల్లో నన్ను చంపగలిగేది ఏది, దానికి ఈ కార్డు మందా కాదా? మొదటి యాక్ట్‌లో, అంటే గోపురంలోని మొదటి భాగంలో, జవాబు దాదాపు ఎప్పుడూ గట్టి దెబ్బ కొట్టే కార్డే. అందంగా ఉండదు, కానీ బతికిస్తుంది. పది అంతస్తుల తర్వాత కుదరబోయే కలయిక కోసం ఇప్పుడు కార్డు దాచిపెట్టడం, ఇల్లు కట్టకముందే గృహప్రవేశానికి కార్డులు అచ్చు వేయించడమే.

కట్టలో ఎన్ని కార్డులు ఉండాలి?

అంకె అడిగితే చెప్పలేను, లెక్క చెప్తాను. టర్న్‌కు 5 కార్డులు వస్తాయి. 10 కార్డుల కట్ట అయితే ప్రతి కార్డూ రెండు టర్న్‌లకోసారి కనబడుతుంది. 30 కార్డుల కట్ట అయితే ఆరు టర్న్‌లకోసారి. మామూలు పోరాటం అంతసేపు సాగదు. అంటే 30 కార్డుల కట్టలో మీ బంగారం లాంటి కార్డు కొన్ని పోరాటాల్లో అసలు మొహమే చూపించదు.

అలాగని చిన్న కట్టే గొప్పదని పట్టుదలకు పోకండి. అదనంగా కార్డులు లాగే కార్డులు బాగా ఉంటే 35 కూడా హాయిగా తిరుగుతుంది. బరువు పెరిగేది కార్డుల సంఖ్యతో కాదు, చూడగానే "అబ్బా, ఇదా" అనిపించే కార్డులతో. ఆ జాబితాలో మొదటివి మొదట్నుంచీ ఉన్న స్ట్రైక్ కార్డులే. అంగట్లో ఒక కార్డును తీయించేయడానికి 75 బంగారం, ప్రతిసారీ 25 పెరుగుతుంది. శాపం కార్డు ఏదైనా ఉంటే ముందు దాన్ని, లేకపోతే స్ట్రైక్‌ను తీయించండి. డబ్బిచ్చి కార్డు పోగొట్టుకోవడమేమిటని మొదట్లో నాకూ ఒళ్ళు మండింది. ఇప్పుడు అంగడికి వెళ్ళేదే అందుకు.

గ్రెమ్లిన్ నాబ్ చేతిలో ప్రతిసారీ చస్తున్నాను. ఏం చేయాలి?

రాత్రి పదకొండింటి ఫోన్ ప్రశ్న ఇదే. కాస్త నిదానంగా చెప్తాను.

నాబ్ మొదటి యాక్ట్‌లోని మూడు రకాల ఎలీట్‌లలో (మామూలు శత్రువుల కంటే గట్టివాళ్ళు) ఒకడు. హెల్త్ 82 నుంచి 86. మొదటి టర్న్‌లో కొట్టడు, గట్టిగా అరుస్తాడు. ఆ అరుపు తర్వాత మీరు స్కిల్ కార్డు (దెబ్బ కాకుండా కాచుకోవడం లాంటి పనులు చేసే రకం) వేసిన ప్రతిసారీ వాడి బలం 2 పెరుగుతుంది, ఆ పోరాటం ముగిసేదాకా తగ్గదు. డిఫెండ్ కూడా స్కిల్ కార్డే. చిక్కంతా అక్కడే.

ఐరన్‌క్లాడ్ మొదటి కట్టనే తీసుకుందాం, ఒక్క కొత్త కార్డు కూడా లేదనుకుందాం. స్ట్రైక్‌లు 5, ఒక్కోటి 6 దెబ్బ. డిఫెండ్‌లు 4, ఒక్కోటి 5 బ్లాక్. బ్యాష్ ఒకటి, ధర 2, దెబ్బ 8, పైగా శత్రువుకు రెండు టర్న్‌లు వల్నరబుల్ పడుతుంది. అంటే వాడికి తగిలే దెబ్బ సగం పెరుగుతుంది, స్ట్రైక్ 6 కాస్తా 9 అవుతుంది.

మొదటి టర్న్‌లో బ్యాష్, రెండు స్ట్రైక్‌లు, రెండు డిఫెండ్‌లు వచ్చాయనుకోండి. బ్యాష్, ఒక స్ట్రైక్: 8, 9, మొత్తం 17. రెండో టర్న్‌లో మిగిలిన 5 కార్డులు, అందులో స్ట్రైక్‌లు మూడు. మూడూ వేస్తే 27. వాడు 14 కొడతాడు, కొట్టనివ్వండి. మూడో టర్న్‌కు కుప్ప కలిపి పంచుతారు. మళ్ళీ అదే వరస వస్తే 17, నాలుగో టర్న్‌లో 27. మొత్తం 88. వాడి హెల్త్ గరిష్ఠంగా 86. నాలుగో టర్న్‌లో వాడు కొట్టేలోపే పడిపోయాడు. మీకు తగిలింది రెండు దెబ్బలు, 28 లేదా ఆ దరిదాపు. గెలిచాక 6 తిరిగొస్తుంది.

ఇప్పుడు భయపడి ఆడే ఆట చూడండి. రెండో టర్న్‌లో ఒక స్ట్రైక్ మానేసి డిఫెండ్ వేశారు. 5 ఆపాననుకున్నారు. కానీ వేయగానే వాడి బలం 2 పెరిగింది, 14 కాస్తా 16 అయింది. 16లో 5 పోతే 11. నిజంగా మిగిలింది 3. ఆ 3 కోసం 9 దెబ్బ వదులుకున్నారు, అందువల్ల వాడు ఇంకో టర్న్ ఎక్కువ బతుకుతాడు, బతికినన్నాళ్ళూ 2 ఎక్కువ కొడతాడు. ఇలా నాలుగు డిఫెండ్‌లు వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు, అందుకే ఫోన్ చేశారు.

కార్డులు ఇంత చక్కగా ప్రతిసారీ పడవు, నిజమే. అందుకే నాబ్ రాకముందు ఒకటో రెండో మంచి దెబ్బ కార్డులు చేర్చుకోమనేది. ఆ పోరాటంలో తాగేయడానికి ఒక పోషన్ (ఒక్కసారికే పనికొచ్చే మందు సీసా) చేతిలో ఉంటే ఇంకా మంచిది. కాచుకుందామని చూసేవాణ్ణి శిక్షించడానికే వాడిని అక్కడ నిలబెట్టారు. అదే యాక్ట్‌లో లాగవూలిన్ అనే మరో ఎలీట్ ఉంటుంది, దాని తీరు పూర్తిగా ఎదురు. మొదట మూడు టర్న్‌లు నిద్రపోతూ ఉంటుంది, ఆ సమయంలో మీరు తీరిగ్గా ఏర్పాట్లు చేసుకోవచ్చు.

మ్యాప్‌లో దారి ఎలా ఎంచుకోవాలి?

పై నుంచి కిందికి వేలితో గీసుకుంటూ రండి. ప్రతి యాక్ట్‌లో కొన్ని స్థిరంగా ఉంటాయి: మొదటి గది మామూలు పోరాటం, 9వ అంతస్తులో నిధి పెట్టె, 15వ అంతస్తులో చలిమంట, ఆ పైన బాస్. ఎలీట్‌లు, చలిమంటలు 6వ అంతస్తు కంటే ముందు రావు. బాస్ ఎవరో మ్యాప్ పైన బొమ్మ ఉంటుంది, యాక్ట్ మొదలవగానే చూసుకోండి.

ఎలీట్‌ను చూసి పారిపోయే దారి ఎంచుకోవడం కొత్తవాళ్ళ అలవాటు. ఎలీట్‌ను ఓడిస్తే రెలిక్ అనే మహిమగల వస్తువు వస్తుంది, అది చివరిదాకా తోడుంటుంది. మొదటి యాక్ట్‌లో ఒకటి రెండు ఎలీట్‌లు కొట్టకపోతే రెండో యాక్ట్‌లోకి ఖాళీ చేతులతో వెళ్తారు. నేను చూసేది ఒకటే: ఎలీట్‌కు ముందు చలిమంట ఉందా, లేదా ఆ గది ముందు దారి రెండుగా చీలుతోందా. ఒంట్లో ఓపిక ఉంటే ఇటు, లేకపోతే అటు.

ప్రశ్నార్థకం గుర్తున్న గదులు ఎక్కువగా కథలే. అప్పుడప్పుడు లోపల పోరాటమో అంగడో నిధో ఎదురవుతుంది. కట్ట బలంగా లేనప్పుడు అటు జరగడం మంచిదే.

చలిమంట దగ్గర పడుకోవాలా, కార్డును సానబెట్టాలా?

పడుకుంటే మొత్తం హెల్త్‌లో 30 శాతం వస్తుంది. సానబెడితే ఒక కార్డు శాశ్వతంగా మెరుగవుతుంది. తర్వాతి గదిలో చావను అని నమ్మకం ఉంటే సానబెట్టండి. ఐరన్‌క్లాడ్‌కు మొదటి సాన చాలాసార్లు బ్యాష్‌కే: దెబ్బ 10, వల్నరబుల్ 3 టర్న్‌లు.

ఒక తమాషా ఉంది. మొదటి యాక్ట్ బాస్ హెక్సాఘోస్ట్ అయితే, అది రెండో టర్న్‌లో కొట్టే దెబ్బ మీ హెల్త్‌ను బట్టే ఉంటుంది. మీ హెల్త్‌ను 12తో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలిపితే వచ్చే అంకెతో ఆరుసార్లు కొడుతుంది. 80 హెల్త్‌తో వెళ్తే ఏడేసి చొప్పున 42. 40తో వెళ్తే నాలుగేసి చొప్పున 24. కష్టపడి పడుకుని లేచిన దాంట్లో సగం అది ఒక్క టర్న్‌లో తినేస్తుంది. దాని ముందు చలిమంట దగ్గర నేను సాన వైపే మొగ్గుతాను, మరీ ప్రాణం మీదికి వస్తే తప్ప.

స్లైమ్ బాస్ రెండుగా చీలి చంపేస్తోంది.

దాని హెల్త్ 140. సగానికి, అంటే 70కి గాని అంతకంటే కిందికి గాని దిగగానే చీలడానికి సిద్ధమవుతుంది. చీలినప్పుడు పుట్టే రెండు జిగురు ముద్దలకూ అప్పుడు దానికి ఎంత హెల్త్ మిగిలి ఉందో అంతంత వస్తుంది. సరిగ్గా 70 దగ్గర ఆపితే రెండు 70లు. 75 దాకా మెల్లగా దించి, ఆ టర్న్‌లో చేతిలో ఉన్నదంతా గుమ్మరించి 35కి దించితే రెండు 35లు. సగం పని అక్కడే అయిపోయింది. పైగా అది చీలేది దాని వంతు వచ్చినప్పుడే, మీ టర్న్ ముగిసేదాకా కొడుతూనే ఉండవచ్చు. మూడో టర్న్‌లో 35 దెబ్బ వేయబోతుంటే ఆ ముందే సగం దాటించినా లాభమే, ఆ దెబ్బ మానేసి చీలుతుంది.

పోషన్లు దాచుకోవాలా?

వద్దు. తాగేయండి. ఉన్నవి మూడు అరలు, నిండిపోతే కొత్తది దొరికినా పట్టదు. మూడు పోషన్లూ అలాగే ఉంచుకుని చచ్చిపోవడం, బీరువాలో పట్టుచీర పెట్టుకుని పెళ్ళికి పాతచీరతో వెళ్ళడం లాంటిది.

బాస్ తర్వాత ఇచ్చే మూడు రెలిక్‌లలో ఏది మంచిది?

ఇక్కడ ఇచ్చేవి చాలావరకు వరం, శాపం కలిపి కట్టిన పొట్లాలు. టర్న్‌కు 3 బదులు 4 ఎనర్జీ ఇస్తారు, బదులుగా ఏదో ఒకటి లాక్కుంటారు. కాఫీ డ్రిప్పర్ తీసుకుంటే ఇక పడుకోవడం లేదు. ఫ్యూజన్ హామర్ అయితే సానబెట్టడం లేదు. ఎక్టోప్లాజమ్ అయితే బంగారం రాదు. సోజు అయితే కొత్త పోషన్లు దొరకవు. మీరు దేన్ని ఎక్కువగా వాడడం లేదో దాన్ని వదులుకునే పొట్లం తీసుకోండి.

రూనిక్ డోమ్ జోలికి మాత్రం కొత్తలో పోకండి. శత్రువు నెత్తిమీది అంకెను దాచేస్తుంది. ఈ ఆటలో మనకున్న పెద్ద ఆస్తే అది.

స్నెకో ఐ చూసి చాలామంది దడుచుకుంటారు. టర్న్‌కు రెండు కార్డులు ఎక్కువ ఇస్తుంది, కానీ చేతికొచ్చే ప్రతి కార్డు ధరను 0 నుంచి 3 మధ్య ఇష్టమొచ్చినట్టు మార్చేస్తుంది. సగటు ఒకటిన్నర. మీ కట్టలో 2, 3 ధర కార్డులు బాగా ఉంటే ఇది దసరా డిస్కౌంటే. అన్నీ 0, 1 ధర కార్డులైతే మాత్రం మీరే ఎదురు కట్టాలి.

మొదటి యాక్ట్ సులువుగా దాటి రెండోదానిలో పోతున్నాను. ఎందుకు?

మొదటి యాక్ట్ "నువ్వు కొట్టగలవా" అని అడుగుతుంది. రెండోది "కాచుకోగలవా, ముగ్గురిని ఒకేసారి చూసుకోగలవా" అని అడుగుతుంది. ఎగిరే పిట్టలు మూడు వస్తాయి, గాల్లో ఉన్నంతసేపూ దెబ్బ సగమే తగులుతుంది. గ్రెమ్లిన్ లీడర్ చుట్టూ బంటులు పుడుతూనే ఉంటారు. అందరికీ తగిలే దెబ్బ కార్డు ఒకటి, నిలకడగా బ్లాక్ ఇచ్చే మార్గం ఒకటి లేకుండా అక్కడికి వెళ్తే కష్టమే. మొదటి యాక్ట్ సగం దాటాక ఈ రెంటి కోసం చూడటం మొదలుపెట్టండి. నేను కలల కోసం కార్డులు దాచొద్దన్నాను గానీ, రేపటి కోసం వద్దనలేదు.

మూడో యాక్ట్‌లో ప్రశ్న మళ్ళీ మారుతుంది: పోరాటం సాగేకొద్దీ నువ్వు బలపడతావా? ఉదాహరణకు ఐరన్‌క్లాడ్‌కు డీమన్ ఫామ్, టర్న్‌కు 2 చొప్పున బలం పెంచుతుంది. లేదా బారికేడ్ వేసి బ్లాక్ పోకుండా కూడబెట్టి, బాడీ స్లామ్‌తో ఆ బ్లాక్ అంతా దెబ్బగా వేయడం. ఇది కుదిరిన రోజు పక్కింటివాళ్ళకు కూడా చెప్పాలనిపిస్తుంది.

టైమ్ ఈటర్ అనే బాస్ నా టర్న్ మధ్యలోనే ఆపేస్తోంది. బగ్గా?

కాదు, అదే దాని పని. మీరు వేసే ప్రతి కార్డూ లెక్కపెడుతుంది, ఆ లెక్క టర్న్ మారినా కొనసాగుతుంది. 12వ కార్డు పడగానే మీ టర్న్ అయిపోతుంది, దాని బలం 2 పెరుగుతుంది. చిన్న కత్తుల సైలెంట్‌కు ఇది యముడే. మొదటి 11 దెబ్బలకు వాడి, 12వదిగా బ్లాక్ కార్డు వేసేలా లెక్క చూసుకోండి. టర్న్ ఎలాగూ ముగుస్తుంది, కాచుకుని ముగిద్దాం.

మూడో బాస్‌ను చంపాను. అయినా అసలు ముగింపు కాదంటున్నారు?

ఐరన్‌క్లాడ్, సైలెంట్, డిఫెక్ట్ ముగ్గురితోనూ ఒక్కోసారి గెలిస్తే మూడు తాళంచెవులు కనబడటం మొదలవుతుంది. ఒకటి చలిమంట దగ్గర పడుకోవడం, సానబెట్టడం మానుకుని తీసుకోవాలి. ఒకటి నిధి పెట్టెలో రెలిక్ వదులుకుని తీసుకోవాలి. ఒకటి మంటలు చిమ్మే ప్రత్యేకమైన ఎలీట్‌ను చంపితే వస్తుంది. మూడూ ఉంటే నాలుగో యాక్ట్ తెరుచుకుంటుంది, దాని చివర గోపురం గుండె కొట్టుకుంటూ ఉంటుంది.

750 హెల్త్. ఒక టర్న్‌లో 300కి మించి దెబ్బ తీసుకోదు, కాబట్టి ఒక్క వేటుకు కూల్చే కట్టలు అక్కడ చెల్లవు. మీరు కార్డు వేసిన ప్రతిసారీ మీకు 1 దెబ్బ. మొదటిసారి చేరినప్పుడు నేను మూడో టర్న్ కూడా చూడలేదు.

ఇదంతా అదృష్టం కాదా?

సుప్రీంకోర్టు ముందుకు మన రాష్ట్రం కేసే ఒకటి వెళ్ళింది, 1967లో తీర్పు వచ్చింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు పట్టుకున్నారు. రమ్మీ మూడు ముక్కలాట లాగా కేవలం అదృష్టం కాదని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచుకోవాలి ఏది పారేయాలి అన్నదాంట్లో నైపుణ్యం ఉందని కోర్టు చెప్పింది. మా మావయ్య ఈ తీర్పును పెళ్ళిళ్ళలో అత్తయ్యకు వినిపించేవాడు.

స్లే ద స్పైర్‌కూ అదే చెప్తాను. ఏ కార్డులు చూపిస్తారన్నది మన చేతిలో లేదు. తీసుకోవడం, వదలడం, దారి మార్చడం, పోషన్ తాగడం, ఇవన్నీ మనవే. దురదృష్టం వల్ల పోయిన రన్‌లు ఉన్నాయి. నా చావుల్లో అవి ఎన్ని అని వెనక్కి చూసుకుంటే మాత్రం, నాలుగు గదుల ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

అసెన్షన్ అంటే?

గెలిచినవాళ్ళకు శిక్ష. ఒక పాత్రతో గెలిస్తే ఆ పాత్రకు అసెన్షన్ 1 తెరుచుకుంటుంది, అలా 20 మెట్లు. ప్రతి మెట్టులోనూ ఒక కొత్త కష్టం చేరుతుంది, పాతవి పోవు. మొదటి మెట్టులో ఎలీట్‌లు పెరుగుతాయి. 10లో కట్టలో ఎప్పటికీ తీయలేని శాపం ఒకటి పడుతుంది. 20లో మూడో యాక్ట్ చివర ఇద్దరు బాస్‌లు వరసగా వస్తారు. తొందరపడకండి, ఆటలో ఉన్నదంతా మామూలు స్థాయిలోనూ ఉంది.

పోరాటం చెడిపోతే ఆట మూసి మళ్ళీ తెరిస్తే మొదటికి వస్తోంది. ఇది మోసమా?

మధ్యలో బయటికి వెళ్ళి వస్తే ఆ పోరాటం మొదటినుంచి, అదే చేతితో మొదలవుతుంది. ఒంటరిగా ఆడే ఆట, మోసపోయేవాడెవడూ లేడు. నేర్చుకునే రోజుల్లో ఒకే పోరాటాన్ని రెండు రకాలుగా ఆడి చూడటానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు, నాబ్ లెక్క నేను అలాగే పట్టుకున్నాను. అలా నెగ్గిన రన్‌ను స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకోవాలా వద్దా అన్నది మీ మనస్సాక్షికి వదిలేస్తున్నాను.

ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆడగలనా?

ఆటలో తెలుగు లేదు. కానీ కార్డుల మీది వాక్యాలు చిన్నవి, పది పదిహేను మాటలే తిరిగి తిరిగి వస్తాయి. వీక్ అంటే శత్రువు దెబ్బ పావు వంతు తగ్గుతుంది. ఫ్రెయిల్ అంటే మీ కార్డులిచ్చే బ్లాక్ పావు వంతు తగ్గుతుంది. ఎగ్జాస్ట్ అంటే ఆ కార్డు ఈ పోరాటానికి ఇక రాదు. వల్నరబుల్ పైన చెప్పాను. మాట మీద వేలు పెడితే అర్థం పక్కనే చూపిస్తారు కూడా. రెండో రోజుకు అలవాటైపోతుంది.

ఫోన్‌లో ఆడాలా, కంప్యూటర్‌లోనా? ఒక రన్‌కు ఎంతసేపు పడుతుంది?

ఐఫోన్‌లో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నుంచి ఉంది. చిన్న తెర మీద అక్షరాలు చిన్నవి, కళ్ళు లాగుతాయి, వేలితో లాగబోయి వేరే కార్డు పడుతుంది. నేను పాత ల్యాప్‌టాప్‌లోనే ఆడతాను, బరువైన ఆట కాదు కాబట్టి నడుస్తుంది. నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు.

పూర్తి రన్‌కు నాకు గంట పైన పడుతుంది, ఆలోచించి ఆడితే గంటన్నర. గది మారగానే దానంతట అదే సేవ్ అవుతుంది. అన్నానికి పిలిస్తే లేవడానికి అడ్డేమీ లేదు. "ఈ ఒక్క పోరాటం" అనేది మాత్రం మా ఇంట్లో ఎవరూ నమ్మడం మానేశారు.